అత్తయ్య పంక్తిలో వెండి ఫోర్కులు

ఫోర్కు ఎడమచేత్తో పట్టుకోవాలన్న సంగతి తెలిసిన రోజు నేను స్టాఫ్ రూములో కేక పెట్టాను. పక్కన కూర్చుని పేపర్లు దిద్దుకుంటున్న సోషల్ మేడం ఎర్ర పెన్ను వదిలేసి, "ఏమైందండీ, తేలు కుట్టిందా?" అంటూ బల్ల కిందకి వంగి చూసింది. తేలూ లేదు, జెర్రీ లేదు. నా ఫోనులో ఒక వీడియో. సూటు వేసుకున్న పెద్దమనిషి ఒకాయన పొడుగాటి బల్ల ముందు నిటారుగా కూర్చుని, ఫోర్కు ఎడమచేత్తోనే పట్టుకోవాలి, అదే మర్యాద, మధ్యలో కుడిచేతికి మార్చుకోవడం మోటు అని చెప్తున్నాడు. ఆ ముక్క మూడుసార్లు వెనక్కి జరిపి విన్నాను. యాభై రెండేళ్ళ వయసులో నన్ను అంతగా గంతులేయించిన వార్త ఇంకోటి లేదు. ఎందుకో తెలియాలంటే మా మేనత్త గురించి చెప్పాలి.

మా నాన్నకి అక్క. చీరాలలో కొడుకూ కోడలితో ఉంటుంది. ఆవిడ చదివింది అయిదో తరగతే గానీ, భోజనం పద్ధతుల్లో మా బంధుబలగంలో ఆవిడ మాటకి తిరుగులేదు. ఆకు కొస తినేవాళ్ళ ఎడమవైపు ఉండాలి. నెయ్యి పడేదాకా అన్నంలో చెయ్యి పెట్టకూడదు. పంక్తిలో పెద్దవాళ్ళు మొదటి ముద్ద ఎత్తాకే మిగతావాళ్ళు ఎత్తాలి, పెద్దవాళ్ళు లేచాకే లేవాలి. ఎడమచెయ్యి ఒళ్ళో ఉండాలి, మంచినీళ్ళ గ్లాసుకి తప్ప పైకి రాకూడదు. పెళ్ళిళ్ళలో వంటవాళ్ళు కూడా ఆవిడ వస్తోందంటే సర్దుకుని నిలబడేవాళ్ళు.

అలాంటి ఇంట్లో నేను ఎడమచేతివాటంతో పుట్టాను. వేసవి సెలవులకి చీరాల వెళ్ళినప్పుడల్లా అత్తయ్య నా ఎడమచేతిని తువ్వాలుతో నా నడుముకి కట్టేసి అన్నం పెట్టేది. కొట్టేది కాదు, తిట్టేది కాదు. కుడిచేత్తో నేను చిందరవందరగా కలుపుకున్న ముద్ద నోట్లోకి వెళ్ళేదాకా ఎదురుగా కూర్చునేది. "నలుగురిలో కూర్చుని తినాల్సిన ఆడపిల్లవే, నవ్వులపాలవుతావు" అనేది. నేర్చుకున్నాను. కానీ ఒంటరిగా ఉన్నప్పుడు ఈనాటికీ ఎడమచేత్తోనే తింటాను, తింటూ ఆవిడని నాలుగు తిట్టుకుంటాను. ఆ కోపం నాకు నలభై ఏళ్ళుగా ఉంది. దాచుకోవలసిన పనేమీ లేదు.

పోయినేడు కార్తీకంలో అత్తయ్యకి పక్షవాతం వచ్చింది. మాట పదిహేను రోజుల్లో తిరిగొచ్చింది. కాలు కర్ర సాయంతో లొంగింది. కుడిచెయ్యి మాత్రం రాలేదు. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన మొదటి రోజే ఆవిడ కంచం తన గదిలోకి తెప్పించుకుని తలుపు వేసుకుంది. కోడలు, అంటే నేను అక్కా అని పిలిచే మనిషి, తినిపిస్తానంటే, "నేనేమన్నా చంటిపిల్లనా?" అంది. చెంచా ఇస్తే, "చెంచాతో తినడానికి నాకేం జ్వరమా?" అంది. మరి లోపల ఎలా తింటోంది? ఎడమచేత్తో. తలుపు వేసుకుని, ఎవరూ చూడకుండా, అరవై ఏళ్ళపాటు ఊరందరికీ తప్పని చెప్పిన పని తనే చేస్తోంది. సగం కంచం అలాగే తిరిగొచ్చేది. అడిగి పెట్టించుకుందామంటే మనిషిని లోపలికి పిలవాలి, పిలిస్తే చూస్తారు. అందుకని పెట్టినంతలో తినగలిగినంత తిని తలుపు తీసేది. పది నెలల్లో రెండుసార్లు జాకెట్లు బిగించి కుట్టించాం. "తిండి పెరక్కపోతే ఇంక నేనేం చెయ్యలేనమ్మా" అని డాక్టరుగారు అక్కతో అనేశారు.

ఇంతలో మా బావ, అత్తయ్య కొడుకు, వెయ్యి పున్నములు చూసిన అమ్మకి వేడుక చేద్దామని ముహూర్తం పెట్టించాడు. గుంటూరు మిర్చి యార్డులో పొద్దస్తమానం అరిచీ అరిచీ మామూలుగా మాట్లాడటం మర్చిపోయిన మనిషి. ఆయన సంబరంగా చెప్తే అత్తయ్య, "చెయ్యండి, తినండి. నాకు గదిలో పెట్టండి" అందట.

"నీ పండక్కి నువ్వు లేకుండా మేం తినేదేందమ్మా?" అని బావ అరిచాడు.

"ఊరందరి ముందు ఎడంచేత్తో తినమంటావా? అయితే పండగే వద్దు. ఆపెయ్యి."

ఈ సంగతి అక్క ఫోనులో ఏడుస్తూ చెప్పింది. నాకూ భయం వేసింది. తన పంక్తికే రాని మనిషి ఇంక ఎవరి పంక్తికీ రాదు. ఆ గది తలుపు ఇంక ఎప్పటికీ తెరుచుకోదు. అంత పాత కోపం ఉన్న నేను ఆ రాత్రి సరిగ్గా నిద్రపోలేదు. తెల్లారి స్కూల్లో ఏదో వెతుకుతుంటే ఆ వీడియో కనపడింది. అప్పుడు గుర్తొచ్చింది, అత్తయ్య బీరువాలో వెండి ఫోర్కులు ఉన్నాయని!

వాటి కథ మా ఇంట్లో అందరికీ తెలుసు. మామయ్య ఒక పొగాకు కంపెనీలో గుమాస్తాగా చేసేవాడు. అక్కడి దొర దేశం విడిచి వెళ్తూ, నమ్మకంగా పనిచేశాడని తన భోజనాల పెట్టె ఈయన చేతిలో పెట్టాడు. నల్ల చెక్కపెట్టె, లోపల నీలం మఖమల్ గుడ్డ. పన్నెండు ఫోర్కులు, పన్నెండు కత్తులు, చిన్నా పెద్దా చెంచాలు, అన్నీ పాతకాలపు వెండి, పిడుల మీద ద్రాక్షతీగ. కొత్తకోడలైన అత్తయ్య, "ఎవరెవరి నోట్లోవో" అని వాటిని పసుపునీళ్ళలో మూడు రోజులు నానబెట్టి గానీ లోపలికి రానివ్వలేదు. తర్వాత తనకి తోచిన పనులు అప్పగించింది. పెద్ద గరిటె నెయ్యి వడ్డనకి. పంచదార ముక్కలు తీసే పటకారు తాంబూలంలో పచ్చకర్పూరం పెట్టడానికి. వెడల్పుగా చదునుగా, మీద చేపబొమ్మ చెక్కిన ఒక అట్లకాడలాంటిది బొబ్బట్లు వడ్డించడానికి. ఫోర్కులకి మాత్రం ఏ పనీ దొరకలేదు. ఏటా ఒకటి బయటికి తీసి ఉసిరికాయలకి గాట్లు పొడిచి మళ్ళీ పెట్టెలో పెట్టేసేది.

ఆ ఆదివారం తెల్లవారుజామునే గుంటూరులో రైలెక్కాను. తెనాలి దాటేదాకా కిటికీలోంచి చూడటానికి కూడా మనసు నిలవలేదు. ఏ మాట ముందు చెప్పాలి, ఏ మాట చెప్పకూడదు అని లెక్కలు కట్టుకుంటూ కూర్చున్నాను. జాలిపడ్డట్టు కనపడితే పని చెడుతుంది. ఆవిడని ఒప్పించగలిగేది ఒకటే, పద్ధతి.

వెళ్తూనే పెట్టె దించాం. ఫోర్కులు బొగ్గుల్లా ఉన్నాయి. నేనూ అక్కా పెరట్లో కూర్చుని కుంకుడురసంతో ఒకసారి, పళ్ళపొడితో రెండుసార్లు తోమాం. మొదటి ఫోర్కు మీద ద్రాక్షతీగ బయటపడగానే అక్క చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. పన్నెండూ తోమేసరికి నా చీర కుచ్చిళ్ళు నల్లగా అయ్యాయి. అయినా చెప్పలేనంత హుషారుగా ఉంది.

అత్తయ్య గదిలోకి వెళ్ళి వీడియో చూపించాను. ఆవిడ మొహం చిట్లించుకుని చివరిదాకా చూసింది.

"దొరల మర్యాద మనకెందుకే?"

"వస్తువుని బట్టి పద్ధతి అత్తయ్యా. ముద్దయితే కుడిచేత్తో ఎత్తాలి. ఫోర్కయితే ఎడమచేత్తో ఎత్తాలి."

"కుడిచేత్తో పట్టుకుంటే?"

"మోటుమనుషులనుకుంటారు."

ఆవిడ తెరమీద ఆగిపోయిన పెద్దమనిషి ఎడమచేతిని చూసింది. "మీ మామయ్య చెప్పేవాడు," అంది చివరికి, "దొర ఎడంచేత్తో తింటాడే అని. నేను ఛీ అన్నాను. మామూలు ఛీ కాదు. ఆయన నవ్వాడు." మళ్ళీ వీడియో పెట్టమంది. రెండోసారి ఇంకా శ్రద్ధగా చూసి, అసలు మెలిక పట్టుకుంది. "కుడిచేతిలో కత్తి ఉండాలంటున్నాడుగా. మరి నా కత్తో?"

ఈ ప్రశ్నకి నేను సిద్ధంగా లేను. నోటికొచ్చింది అనేశాను. "పెద్దవాళ్ళకి పక్కన కూర్చున్నవాళ్ళు కోసిపెట్టాలి. అదీ పద్ధతే."

అత్తయ్య నన్ను ఎగాదిగా చూసింది. అది నేను అప్పుడే పుట్టించిన పద్ధతని ఆవిడకి తెలిసిపోయిందని ఇప్పటికీ నా నమ్మకం. కానీ ఎడమచెయ్యి చాచింది. "ఏదీ, ఇటివ్వు."

నాకు ఆ గదిలోనే గంతులెయ్యాలనిపించింది. ఏమీ ఎరగనట్టు ఫోర్కు చేతిలో పెట్టాను.

ఆ రోజు నుంచి ఆరు ఆదివారాలు మాకు పాఠాలు. ఎడమచేతిని ఎలా వాడాలో మా ఇంట్లో తెలిసినది నేనొక్కదాన్నే కాబట్టి నేనే పంతులమ్మని. వేళ్ళు పిడి మీద ఎక్కడ ఉండాలి, మణికట్టు ఎంత తిప్పాలి, మోచెయ్యి ఎక్కడ ఆనించాలి, అన్నీ దగ్గరుండి చూపించాను. నా చెయ్యి కట్టేసిన మనిషి నా చెయ్యి చూసి నేర్చుకుంటోంది! మొదటి ఆదివారం ఆ ఆలోచనకి లోపల గర్వంగానే ఉంది. రెండో ఆదివారం గారెముక్క నోటిదాకా వచ్చి ఒళ్ళో పడ్డప్పుడు, "మళ్ళీ పెట్టు" అని ఆవిడ పళ్ళు బిగించి అడిగింది. అప్పుడు నా గర్వం ఎటుపోయిందో తెలియదు.

ఇడ్లీ తేలిగ్గానే లొంగింది. గారె రెండో వారానికి లొంగింది. మూడో వారం అరిటాకు వేసి చూశాం. ఫోర్కు ముళ్ళు దిగి ఆకు చిరిగి, సాంబారంతా బల్ల మీంచి అక్క చీర మీదకి పారింది. కంచంలో తినమంటే అత్తయ్య, "పండగపూట ఆకు లేకుండా తినను" అని మొండికేసింది. నేను కత్తెర తెచ్చి ఆకుని గుండ్రంగా కత్తిరించి, వెండి కంచంలో పరిచాను. ఆకు ఆకే, చిరిగినా కింద వెండి ఉంది. ఎంత సంతోషపడిపోయామంటే ఆ పూట ముగ్గురం అలాగే తిన్నాం.

నాలుగో ఆదివారం అత్తయ్య ఒక షరతు పెట్టింది. "నా ఒక్కదాని చేతిలోనే ఉంటే చెయ్యి పడిపోయిందని ఇచ్చారనుకుంటారు. పంక్తంతా ఒకే పద్ధతిలో ఉండాల. పన్నెండు ఉన్నాయిగా, పన్నెండుమందికీ పెట్టండి. మొదటి పంక్తి పన్నెండుమందే."

అప్పుడు మొదలైంది అసలు సందడి. పన్నెండుమందినీ ఏరి, వాళ్ళందరికీ ఫోనులో కబురుపెట్టి, స్టీలు ఫోర్కులు కొనుక్కుని ఎడమచేత్తో సాధన చెయ్యమన్నాం. పొదిలిలో ఉన్న మా పెదనాన్న కొడుకు పెరుగువడతో సాధన చేస్తూ వీడియో పంపాడు, వడ ఎగిరి కుక్క ముందు పడింది. బావ యార్డులో మిరపకాయల టిక్కీబస్తాల మీద కూర్చుని క్యారేజీ తెరిచి ఫోర్కు బయటికి తీస్తే, "ఏందన్నా ఈ పంగలకర్ర?" అని హమాలీలు చుట్టూ మూగారట. సాయంత్రం ఫోను చేసి, "ఏమ్మే, మా అమ్మ కోసం పరువంతా తీసుకుంటన్నా, తెలుసా?" అని అరిచాడు. ఆ గొంతులో ఎంత సంతోషం ఉందో నాకు వినపడింది.

వంటకాల పట్టిక నేనూ అక్కా కలిసి రాశాం. గుచ్చితే నిలబడేవే వెయ్యాలి. గుత్తివంకాయ, కందవేపుడు, గారెలు, బొబ్బట్లు. ములక్కాడ కొట్టేశాం. పప్పన్నం గట్టిగా కలిపి చిన్న ఉండలుగా చేసి పెట్టాలనుకున్నాం. పులిహోర గురించి గంటసేపు వాదించుకుని ఉంచాం. ఆ పట్టిక పెట్టుకుని మళ్ళీ ఒకసారి వీడియోలు చూస్తుంటే, బొబ్బట్లు వడ్డించే అట్లకాడ తెరమీద కనపడింది. అచ్చంగా అదే, చేపబొమ్మతో సహా. అది దొరలు చేపలు వడ్డించుకునేదట! నీచు అన్న మాట వింటేనే నోరు కడుక్కునే ఇంట్లో, యాభై ఏళ్ళకి పైగా, ప్రతి శుభకార్యంలో, ప్రతి పురోహితుడి ఆకులోకీ బొబ్బట్లు వేసింది దాంతోనే. నేనూ అక్కా ఒకరి మొహం ఒకరు చూసుకుని కిందపడి నవ్వాం. తర్వాత భయపడ్డాం. చెప్పక తప్పదని చెప్పాం.

"చేపబొమ్మ నాకు కనపడలేదనుకున్నారా?" అంది అత్తయ్య. "మత్స్యావతారం అనుకున్నాను. ఏటా పూజకి బొట్టు కూడా పెడతన్నాను."

"మరి ఇప్పుడు తీసేద్దామా?" అని అక్క అడిగింది.

"ఇన్నేళ్ళూ బొబ్బట్లు వడ్డించింది. దానికి ఇంకా చేపలేం గుర్తుంటాయే? ఉండనీ."

పది నెలల తర్వాత ఆవిడ నోట హాస్యం విన్నాం. ఆ వారం నుంచి పాఠాల్లో పంతులమ్మ మారిపోయింది. మోచెయ్యి పైకి లేపాడని బావని కేకలేసింది. ఫోర్కు కంచానికి తగిలి చప్పుడవుతోందని నన్ను కసిరింది. కసురు తింటూ నేను లోపల పండగ చేసుకున్నాను.

వేడుక రోజు హాల్లో పొడుగాటి బల్లలు వేసి, పన్నెండు వెండి కంచాలు సర్దాం. మావి ఏడు, మిగతావి బంధువుల ఇళ్ళనుంచి వచ్చాయి. వాటిలో కత్తిరించిన ఆకులు, ఎడమవైపు ఫోర్కులు. వాడరేవు వైపు నుంచి సముద్రపు గాలి వచ్చి ఆకులు లేస్తుంటే వాటిమీద గారెలు బరువు పెట్టాం. చుట్టూ రెండో పంక్తివాళ్ళు, మూడో పంక్తివాళ్ళు, వీధివాళ్ళు, అందరూ గోడలకి ఆనుకుని ఈ వింత చూడటానికి నిలబడ్డారు. చూసేవాళ్ళు ఇంతమంది ఉంటారని నేను లెక్క వెయ్యలేదు. అత్తయ్య కర్ర టకటకమంటూ వచ్చింది. పట్టుచీర, కుడిచెయ్యి కొంగు కింద. మధ్య కుర్చీలో కూర్చుంది.

నెయ్యి పడింది. పదకొండుమందిమీ ఆవిడ వైపు చూస్తున్నాం. ఎడమచెయ్యి బల్లమీదకి వచ్చి ఫోర్కు అందుకుంది. పక్కన కూర్చున్న నేను కోసిపెట్టిన వంకాయముక్కని గుచ్చింది. సగం దూరంలో ముక్క జారి ఆకులో పడింది. లేచి వెళ్ళిపోతుందేమోనని ఆవిడ కర్ర వైపు చూశాను. ఆవిడ మళ్ళీ గుచ్చింది. ముక్క నోట్లోకి వెళ్ళింది. నమిలింది. "ఉప్పు కాస్త తగ్గింది" అంది.

బావ ఈల వేశాడు, పట్టపగలు, పురోహితుడి ముందు! పదకొండు ఫోర్కులు ఒక్కసారి లేచాయి. నేనూ ఎడమచేత్తో తింటున్నాను, అత్తయ్య పక్కన కూర్చుని, ఊరందరి ముందు. ఆ గుత్తివంకాయ రుచి నేను జన్మలో మర్చిపోను. పొదిలి అన్నయ్య గారె ఎదుటివాళ్ళ కంచంలోకి ఎగిరింది. బావ పులిహోర మెతుకులు ఒక్కొక్కటే గుచ్చుకుంటూ చెమటలు కక్కాడు. చేపబొమ్మ అట్లకాడతో బొబ్బట్లు వచ్చాయి, అత్తయ్య ఒకటి పూర్తిగా తినేసింది. గోడలకి ఆనుకున్నవాళ్ళలో ఎవరూ జాలిగా చూడలేదు. నవ్వుతూ, మాకూ ఒకటివ్వరా అని అడుగుతున్నారు.

చివరికి పెరుగు వచ్చింది. పెరుగన్నం గురించి మేం పట్టికలో చెంచా అని రాసుకున్నాం. దొర పెట్టెలోని పెద్ద చెంచా తోమి పక్కనే పెట్టుకున్నాను. అత్తయ్య ముందు ఫోర్కుతో ప్రయత్నించింది. ముళ్ళ సందుల్లోంచి పెరుగంతా కారిపోయింది. నేను చెంచా ముందుకి జరిపాను.

"అత్తయ్యా, దీనికి ఇది."

ఆవిడ చెంచా వైపు చూసింది. గోడల దగ్గర నిలబడ్డ జనం వైపు చూసింది. తర్వాత నా ఎడమచేతి వైపు చూసింది, కాస్త ఎక్కువసేపే. ఫోర్కు మర్యాదగా కంచం అంచున ఆనించింది. ఎడమచెయ్యి ఆకులో పెట్టి, అయిదు వేళ్ళతో, పెరుగన్నం కలపడం మొదలుపెట్టింది.

ఆవిడ నిదానంగా, మెతుకు కిందపడకుండా కలిపి, ముద్ద చేసి నోట్లో పెట్టుకుంది. మాగాయ నంజుకుంది. వడ్డించే మనిషి గిన్నె పట్టుకుని కొయ్యబారిపోయి నిలబడ్డాడు.

"ఏందట్టా చూస్తావు? ఇంకాస్త అన్నం వెయ్యి" అంది అత్తయ్య.

వేశాడు. పెరుగూ వేశాడు. ఆవిడ మళ్ళీ కలుపుకుంది, మళ్ళీ వేయించుకుంది. మేం పదకొండుమందిమీ ఎప్పుడో తినేసి, ఫోర్కులు కంచాల అంచున ఆనించి కూర్చున్నాం. వెనక రెండో పంక్తివాళ్ళు ఆకలితో నిలబడి ఉన్నారు. అయినా మా పంక్తిలో ఒక్కరం కూడా లేవలేదు. పెద్దావిడ ఇంకా తింటోంది.